ఆస్ట్రేలియాలో అద్దె కారుకు ఎక్సెస్ ఐదు వేల డాలర్లు అంటున్నాడు, ఇదేంది?

పెన్నాగట్టు
అమ్మాయి కాన్పు కోసం నేనూ మా ఆవిడా మెల్‌బోర్న్ పోతున్నాం. అల్లుడికి సెలవు దొరికే పరిస్థితి లేదు. కాస్త ముందుగానే వెళ్తున్నాం కాబట్టి ఓ ఐదారు రోజులు కారు అద్దెకు తీసుకుని మేమిద్దరమే గ్రేట్ ఓషన్ రోడ్డు తిరిగొద్దామనుకున్నాం. వెబ్‌సైట్‌లో చూస్తే రోజుకు 60 డాలర్లు, ఇన్సూరెన్స్ కలిపే అని రాశాడు. బాగుందే అనుకుని కిందికి పోతే చిన్న అక్షరాల్లో "డ్యామేజ్ ఎక్సెస్ 5,000 డాలర్లు" అని ఉంది. రోజుకు ఇంకో 30 డాలర్లు కడితే దాన్ని తగ్గిస్తాడంట. ఇన్సూరెన్స్ ఉందంటాడు, మళ్ళీ ఐదు వేలు మనమే పెట్టుకోవాలంటాడు. మన లెక్కలో రెండున్నర లక్షల పైమాట. మా బావమరిదేమో "ఇన్సూరెన్స్ ఉందిగా, ఏం కాదులే బావా" అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

కావలి_కుర్రోడు
30 డాలర్లు కట్టొద్దన్నా. కౌంటర్ దగ్గర భయపెట్టి అమ్మేది అదే. వాళ్ళకు మిగిలేది కారు అద్దెలో కాదు, అందులోనే.

సంతపేట_సుబ్బు
ఎక్కడన్నా గుద్దితే ఆ ఐదు వేలు నువ్వు పంపిస్తావా కావలి తమ్ముడూ?

బీమాబాబాయ్
నేను ఒంగోలులో మోటార్ సర్వేయర్‌గా, అంటే ఇన్సూరెన్స్ క్లెయిముల్లో బండి నష్టం లెక్కకట్టే పని చేసి రిటైరయ్యాను. పెన్నాగట్టు గారూ, మీ బావమరిది చెప్పింది సగం నిజం. ఇన్సూరెన్స్ ఉంటుంది, కానీ అది మొదటి రూపాయి నుంచి మొదలవదు. ఎక్సెస్ అంటే నష్టంలో ముందుగా మీరు భరించాల్సిన వాటా. అది దాటాకే వాళ్ళ వంతు.

మీ లెక్కలోనే చూద్దాం. పార్కింగ్‌లో స్తంభానికి తగిలి తలుపు సొట్టపోయింది, రిపేరు 1,800 డాలర్లు అయింది. ఎక్సెస్ 5,000 కాబట్టి ఆ 1,800 మొత్తం మీదే, ఇన్సూరెన్స్ వైపు నుంచి పైసా రాదు. అదే పెద్ద యాక్సిడెంట్ అయి 22,000 అయితే మీరు 5,000 కట్టి పక్కకు జరుగుతారు, మిగతా 17,000 వాళ్ళు చూసుకుంటారు. అంటే ఆ "కలిపే ఉన్న" ఇన్సూరెన్స్ మిమ్మల్ని పెద్ద దెబ్బ నుంచి కాపాడుతుంది, చిన్న దెబ్బల నుంచి కాదు. అద్దె కార్లకు ఎక్కువగా తగిలేవి చిన్న దెబ్బలే.

ఇది మనకు కొత్తేం కాదు. మన సొంత కారు పాలసీలో కూడా 1500 సీసీ లోపు బండికి 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు తప్పనిసరిగా మన వాటా. క్లెయిమ్ బిల్లులో సర్వేయర్ కొట్టేసే ఆఖరి వరుస అదే. మొత్తం చిన్నది కాబట్టి మనం పట్టించుకోం. అక్కడ అది వేలల్లో ఉంటుంది.

పెన్నాగట్టు
ఇప్పుడు బుర్రకెక్కింది బాబాయ్. తప్పు ఎదుటివాడిదైతే? నేను సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఎవడో వచ్చి గుద్దితే కూడా నేనే కట్టాలా?

మెల్‌బోర్న్_నెల్లూరోడు
ఇక్కడే ఉంటున్నాను, నేను చెప్తాను. చాలా కంపెనీలు ముందు మీ కార్డులోంచి ఎక్సెస్ లాగేస్తాయి. తప్పు అవతలివాడిదే అని తేలి, వాడి ఇన్సూరెన్స్ నుంచి డబ్బు వసూలయ్యాక తిరిగి ఇస్తాయి. నెలలు పట్టొచ్చు. అందుకని ఏం జరిగినా సరే అవతలివాడి లైసెన్సు, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఫోటో తీసుకోవాల్సిందే. "సారీ మేట్" అని చెయ్యూపి వెళ్ళిపోనిస్తే మీ డబ్బు కూడా వాడితోనే పోతుంది.

దర్శి_పద్మ
రోజుకు 30 అంటే ఆరు రోజులకు 180. ఐదు వేల భయం పోవడానికి 180 అంటే ఎక్కువేం కాదు కదా? అదే నెల రోజులు తీసుకుంటే 900 అవుతుంది, అప్పుడు ఆలోచించాలి.

కావలి_కుర్రోడు
పద్మక్కా, అదే పని చేసే పాలసీ బయట విడిగా దొరుకుతుంది, కౌంటర్ రేటు కంటే బాగా తక్కువకు. కార్ హైర్ ఎక్సెస్ ఇన్సూరెన్స్ అంటారు. నేను కట్టొద్దన్నది కౌంటర్‌లో కట్టొద్దని. అసలు వద్దనలేదు.

సంతపేట_సుబ్బు
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు కదా.

మెల్‌బోర్న్_నెల్లూరోడు
కావలి తమ్ముడు చెప్పింది నిజమే, కానీ తేడా తెలుసుకుని కొనాలి. కౌంటర్‌లో కొంటే అద్దె కంపెనీయే మీ నుంచి అడిగే ఎక్సెస్ తగ్గించుకుంటుంది. దెబ్బ తగిలితే అక్కడితో సరి. బయట కొన్న పాలసీ సంగతి అద్దె కంపెనీకి పట్టదు. వాళ్ళు మీ కార్డు నుంచి ఐదు వేలూ తీసేసుకుంటారు. ఆ తర్వాత మీరు అగ్రిమెంటు, డ్యామేజ్ రిపోర్టు, రిపేరు బిల్లు, కార్డు స్టేట్‌మెంట్ పెట్టి బయటి కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. అంటే డబ్బు ముందు మీ చేతిలోంచి పోవాలి. కార్డులో అంత లిమిట్ లేకపోతే చవక పాలసీ ఉండి కూడా ఇబ్బందే.

ఇంకోటి. ఇలాంటివి చాలావరకు ఫలానా దేశంలో నివాసం ఉన్నవాళ్ళకే అమ్ముతారు. నెల్లూరు అడ్రసుతో చెల్లుతుందా లేదా అన్నది డబ్బు కట్టే ముందే చూసుకోండి. మీరు తీసుకునే ట్రావెల్ పాలసీలో అద్దె కారు ఎక్సెస్ ఏమైనా కలిపి ఉందేమో కూడా చదవండి. కొన్నింట్లో ఉంటుంది.

చీమకుర్తి_గెలాక్సీ
ఆస్ట్రేలియా దాకా ఎందుకు. మన ఊళ్ళో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నా ఇదే కథ, పేరే వేరు. పోయినేడు పెళ్ళికి ఒంగోలులో కారు తీసుకున్నాను. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీ వెనక పోతుంటే రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. మిరియపు గింజంత గుంట, దాని నుంచి వెంట్రుకలా ఒక గీత. తిరిగి ఇచ్చేటప్పుడు అద్దం మొత్తం మార్చాలని డిపాజిట్ నుంచి కోసుకున్నాడు. "ఇన్సూరెన్స్ ఉంది కదయ్యా, గ్లాస్‌కు తరుగు కూడా ఉండదు కదా" అంటే నవ్వి ఊరుకున్నాడు.

బీమాబాబాయ్
చీమకుర్తి అబ్బాయ్, నువ్వు చెప్పింది కరెక్టే. తరుగు అంటే పార్టు పాతబడిందని క్లెయిమ్‌లో కోసేది. అద్దానికి తరుగు కొట్టరు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకైతే సగం కొడతారు. ఫైబర్‌కు ముప్పై శాతం. కానీ అతను క్లెయిమ్‌కే పోలేదు. ఎందుకంటే ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు అతని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. వరుసగా క్లెయిములు పడితే రెన్యువల్ అప్పుడు ప్రీమియం పెరుగుతుంది. కాబట్టి చిన్నవన్నీ కస్టమర్ డిపాజిట్ నుంచి లాగడం, పెద్దవి మాత్రమే క్లెయిమ్ చేయడం వాళ్ళకు లాభం. డిపాజిట్ అనేది ఇన్సూరెన్స్ కాదు, మీ చేత ముందే కట్టించుకున్న ఎక్సెస్. అగ్రిమెంటులో "డ్యామేజీకి గరిష్ఠంగా ఇంత" అని అంకె ఉందా అని అడగండి. అంకె లేకపోతే డిపాజిట్‌తో ఆగుతుందన్న హామీ లేదు.

మైపాడు_అల
అంకె లేని కేసు మాకు తెలుసు. 2023 డిసెంబరు, మిగ్‌జాం తుపాను వర్షాలు. మా తమ్ముడి స్నేహితుడు అద్దె కారులో మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో దిగాడు. నీళ్ళు బానెట్ అంచు దాకా వచ్చి ఇంజన్ ఆగిపోయింది. కంగారులో మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. షెడ్డులో విప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోయి ఉన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజన్‌కు ఇవ్వం అన్నారు. కారు ఓనరు ఇంజన్ ఖర్చూ, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు పోయిన అద్దే రెండూ అడిగాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో చిట్టీ పాడి కట్టాడు.

బీమాబాబాయ్
వరదలో బండి మునిగితే అప్హోల్‌స్టరీ, వైరింగ్ లాంటి నష్టం మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో వస్తుంది. కానీ నీళ్ళలో ఆగిన ఇంజన్‌ను మళ్ళీ స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే దాన్ని మన చేతులారా చేసుకున్న నష్టం కిందకు నెట్టేస్తారు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. అద్దె బండికి అది ఉందో లేదో మీకు ఎవరూ చెప్పరు, అడగాలి. నీళ్ళలో ఆగిందా, తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోండి. తోయించండి, టోయింగ్ పిలవండి. సెల్ఫ్ మాత్రం ముట్టుకోవద్దు.

సంతపేట_సుబ్బు
నాలుగు చినుకులు పడితే మన అండర్ బ్రిడ్జిలు ఈత కొలనులే. అద్దె కారైనా సొంత కారైనా ఫ్లైఓవర్ చుట్టు తిరిగి పోవడమే.

మార్కాపురం_పలక
ఓనరు అద్దె నష్టం అడిగాడని మైపాడు వాళ్ళు చెప్పారు కదా, అది అందరూ మర్చిపోయే ఖర్చు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో మా మిత్రుడి అద్దె కారు కింది భాగం రాయికి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. రిపేరు కంటే బండి దోర్నాల నుంచి ఒంగోలుకు లాక్కొచ్చిన ఖర్చూ, ఆగిన రోజుల అద్దే ఎక్కువైంది. బండి కింది భాగం మా డ్యామేజ్ ప్లాన్‌లో లేదు అని కూడా అన్నారు. యాప్‌లో "ఫుల్ ప్రొటెక్షన్" అని టిక్కు పెట్టి డబ్బు కట్టాడు పాపం.

మెల్‌బోర్న్_నెల్లూరోడు
పలక గారు చెప్పినదే ఇక్కడా. పెన్నాగట్టు గారూ, మీరు అసలు చూడాల్సింది 5,000 అంకె కాదు, దాని కింద ఉండే మినహాయింపుల పేజీ. ఎక్సెస్ తగ్గించుకున్నా కూడా చాలా అగ్రిమెంట్లలో టైర్లు, ముందు అద్దం, పైకప్పు, కింది భాగం వేరుగా ఉంటాయి. కొన్నింట్లో వాటికి ఇంకో చిన్న ప్యాకేజీ కొనాలి. ఉప్పునీళ్ళలో, వాగులో దించితే కవరు లేదు. పెట్రోలు బండిలో డీజిల్ పోస్తే లేదు. తారు లేని మట్టిరోడ్డు ఎక్కితే లేదు. గ్రేట్ ఓషన్ రోడ్డు అంతా తారే, కానీ పక్కన జలపాతాలు చూడటానికి అడవిలోకి పోయే దారులు కొన్ని మట్టివి. గూగుల్ మ్యాప్ దగ్గరి దారి అని వాటిలోకి తిప్పుతుంది, జాగ్రత్త.

రాత్రిపూట ఊరి బయట నడపడం కూడా చదువుకోండి. కంగారూలు చీకటి పడే వేళ, తెల్లవారుజామున రోడ్డు మీదికొస్తాయి. జంతువును గుద్దిన కేసుకు కొన్ని కంపెనీలు వేరే షరతు పెడతాయి. సాయంత్రం ఐదున్నర ఆరుకల్లా లాడ్జికి చేరేట్టు ప్లాన్ వేసుకుంటే మీకూ మంచిది, కారుకూ మంచిది.

గూడూరు_నిమ్మకాయ
కంగారూ అయితే ఏమోగాని, మన బైపాస్ మీద బర్రెలకు టైమింగులు కూడా లేవు.

పెన్నాగట్టు
అందరికీ దండాలు, చాలా విషయాలు తెలుస్తున్నాయి. ఒక సందేహం. నేను అలసిపోతే మధ్యలో అల్లుడొచ్చి నడిపితే ఫరవాలేదా? శని ఆదివారాలు ఖాళీగా ఉంటాడు.

బీమాబాబాయ్
అగ్రిమెంటులో పేరు లేనివాడు స్టీరింగు పట్టకూడదు. ఇది అక్కడా అంతే, ఇక్కడా అంతే. పేరు లేని డ్రైవరు, లైసెన్సు లేని డ్రైవరు, తాగిన డ్రైవరు. ఈ మూడింట్లో ఏదైనా ఉంటే ఎక్సెస్ ఐదు వేలు అన్న గీత చెరిగిపోతుంది, నష్టం మొత్తం మీ మీద పడుతుంది. తగ్గించుకోవడానికి కట్టిన 180 కూడా వృథా. నేను చూసిన తిరస్కరించిన క్లెయిముల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. రెండో డ్రైవరుగా పేరు రాయించండి, కొంచెం అదనంగా తీసుకుంటారు.

కందుకూరు_కామేశ్వరి
మా వాళ్ళ కేసు ఇంకో రకం. తెలిసినవాళ్ళ కారు, తెల్ల ప్లేటు, రోజుకు ఇంత అని మాట్లాడుకుని తీసుకున్నారు. సింగరాయకొండ దగ్గర డివైడర్ ఎక్కింది. సర్వేయర్ వచ్చి అడిగితే మా మరిది అమాయకంగా "అద్దెకు తీసుకున్నాం, ఫోన్‌పేలో కట్టాం" అన్నాడు. క్లెయిమ్ కొట్టేశారు. తెలిసినవాళ్ళతో మాటలు కూడా పోయాయి.

బీమాబాబాయ్
అమ్మా, మీ మరిది నిజం చెప్పడమే మంచిదైంది. అబద్ధం చెప్పి తర్వాత తేలితే ఇంకా చిక్కు. ప్రైవేటు కారు పాలసీ సొంత వాడకానికే. అద్దెకు ఇస్తే షరతు తప్పినట్టు. చట్ట ప్రకారం సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలున్న బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. అందులో ఎక్సెస్ అన్న మాటే లేదు, కారు విలువ మొత్తం మీ నెత్తిన ఉన్నట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం ఇంతసేపూ కారు గురించే మాట్లాడుకుంటున్నాం, నడిపే మనిషి గురించి మాట్లాడలేదు. మన పాలసీల్లో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు బండి ఓనరుకు మాత్రమే. అద్దెకు తీసుకుని నడిపేవాడు ఓనరు కాదు. అలాగని థర్డ్ పార్టీ, అంటే ఆ బండి వల్ల నష్టపోయిన బయటి మనిషి, కూడా కాదు. 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అడిగి తెచ్చుకున్న బండి నడిపేవాడు ఓనరు స్థానంలోకి వస్తాడు, కాబట్టి ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి థర్డ్ పార్టీలా పరిహారం అడగలేడు అని. కాబట్టి సెల్ఫ్ డ్రైవ్ తీసుకునే ప్రతివాళ్ళకూ తమ పేరున విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉండాలి. ఏడాదికి అయ్యేది పెద్ద మొత్తం కాదు. చెయ్యెత్తి మొక్కుతున్నా, పిల్లలకు చెప్పండి.

దర్శి_పద్మ
ఇది నాకు నిజంగా తెలియదు బాబాయ్. మా అబ్బాయి స్నేహితులతో సూర్యలంక పోవాలని సెల్ఫ్ డ్రైవ్ బుక్ చేశాడు. ఈ రోజే తీయిస్తా.

కావలి_కుర్రోడు
కారు తీసుకునేటప్పుడు వీడియో తీయడం గురించి ఎవరూ చెప్పలేదు. నేను చేసే పద్ధతి రాస్తున్నా. ఫోన్‌లో ముందు ఆ రోజు టైమ్ కనిపించేట్టు మొదలుపెట్టి, మీటరూ పెట్రోలు ముల్లూ తీసి, ఆ తర్వాత ఆపకుండా బండి చుట్టూ ఒక చుట్టు. బంపర్ల మూలల దగ్గర ఆగాలి. ముందు బంపర్ కింది అంచు కంటికి కనపడదు, వేళ్ళతో తడమాలి. గరుకుగా తగిలితే కిందికి వంగి ఫోటో తీయాలి. పేవ్‌మెంటుకు రాసుకున్న గీతలన్నీ అక్కడే ఉంటాయి. చక్రాల అల్లాయ్ అంచులు, టైరు పక్క గోడలు, స్టెప్నీ. ముందు అద్దాన్ని బయటి నుంచి కాకుండా లోపల సీట్లో కూర్చుని వెలుతురుకు ఎదురుగా చూస్తే చిన్న గుంటలు తెలుస్తాయి. చీకట్లో బండి ఇస్తామంటే లైటు కిందికి తెమ్మని అడగండి. తీసిన వీడియోను వాళ్ళ ఎదుటే వాళ్ళ వాట్సాప్‌కే పంపేయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఇదంతా మళ్ళీ.

చీమకుర్తి_గెలాక్సీ
వాళ్ళ వాట్సాప్‌కే పంపడం భలే ఐడియా తమ్ముడూ. తర్వాత "మాకు తెలియదు" అనడానికి లేదు.

మార్కాపురం_పలక
వాళ్ళు ఇచ్చే డ్యామేజ్ షీటులో ప్రతి గీతా రాయించి సంతకం పెట్టించుకోవాలి. వీడియో ఒక్కటే చాలదు. గొడవ వచ్చినప్పుడు కాగితమే ముందు చూస్తారు.

సంతపేట_సుబ్బు
కౌంటర్‌లో 30 కట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. కావలి తమ్ముడు బయట కొనమంటున్నాడు, పద్మ గారు కట్టేయమంటున్నారు.

బీమాబాబాయ్
ఐదు వేల డాలర్లు పోయినా ఇంట్లో ఏ పనీ ఆగనివాళ్ళు ఏమీ కట్టక్కర్లేదు. పెన్నాగట్టు గారికి ముందు కూతురి కాన్పు ఉంది. ఆ దేశం కొత్త, రోడ్లు కొత్త, ఒక గీత పడితే కాగితాలు పట్టుకుని నెలల తరబడి ఈమెయిళ్ళు రాసే ఓపిక ఉండదు. ఐదారు రోజులే కాబట్టి కౌంటర్‌లో కట్టేయడమే నా సలహా. తగ్గించాక ఎక్సెస్ ఎంత మిగులుతుందో, టైర్లూ అద్దం అందులో ఉన్నాయో లేదో మాత్రం రాతలో చూసుకోండి. నెలల తరబడి తీసుకునేవాళ్ళకు కావలి అబ్బాయి చెప్పిన దారి మంచిది.

కావలి_కుర్రోడు
ఆరు రోజులకైతే బాబాయ్ మాటే. నెలకైతే నా మాట.

పెన్నాగట్టు
అల్లుడితో ఇప్పుడే మాట్లాడాను. కారు అతని పేరుతో, అతని క్రెడిట్ కార్డు మీద తీసుకుని నన్ను రెండో డ్రైవరుగా రాయిస్తానన్నాడు. నా దగ్గరున్న డెబిట్ కార్డు పనికిరాదా అని అడిగితే చాలా చోట్ల తీసుకోరంట. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ నెల్లూరు ఆర్టీవో ఆఫీసులో తీసుకోమన్నాడు.

మెల్‌బోర్న్_నెల్లూరోడు
మంచి పని. అతని కార్డు లిమిట్‌లో డిపాజిట్ కింద కొంత మొత్తం ఆపేస్తారు. కారు ఇచ్చేశాక విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. కాన్పు ఖర్చులకు అదే కార్డు మీద ఆధారపడకుండా ఉండమనండి. పర్మిట్ ఏడాదిపాటు చెల్లుతుంది. దానితో పాటు మన ఒరిజినల్ లైసెన్సు కూడా తెచ్చుకోవాలి, పర్మిట్ ఒక్కటే చెల్లదు.

గూడూరు_నిమ్మకాయ
అమ్మాయికి మలైకాజా పట్టుకెళ్తున్నారా?

మెల్‌బోర్న్_నెల్లూరోడు
వద్దు వద్దు. పాలు, కోవాతో చేసిన స్వీట్లు ఎయిర్‌పోర్టులోనే తీసుకుంటారు. చెప్పకుండా తెస్తే ఫైను. ఏం తెచ్చినా దిగేముందు నింపే ప్యాసింజర్ కార్డులో రాసి చూపించాలి.

పెన్నాగట్టు
మా ఆవిడ ఇప్పటికే రెండు కిలోలు ఆర్డరిచ్చింది. వెళ్ళి ఆపిస్తా.